మెడ వెనక గీతలు

తలనొప్పికి మాత్ర మింగే రకం కాదు బీషియా. గుళ్ళో దేవుళ్ళ విగ్రహాలకు తొడిగే అంగీల మీద జరీపువ్వులు కుడుతూ పొద్దంతా మెడ వంచుకుని కూర్చుంటే నరాలు బిగుసుకుపోవూ? అక్కణ్ణుంచి నొప్పి పైకి పాకి కణతల్లో మకాం వేస్తుంది. దానికి వాళ్ళ లూకాంగ్ ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఒకటే వైద్యం. మెడకు ఇంత నూనె రాసి, పింగాణీ చెంచా అంచుతో పైనుంచి కిందికి గీయడం. ఎర్రటి చారలు తేలేదాకా గీస్తే బిగువు సడలి తల తేలికపడుతుంది.

అంతా బాగానే ఉంది కానీ, ఎవరి మెడ వెనక వాళ్ళు గీసుకోలేరు. అదీ చిక్కు.

ఇన్నేళ్ళూ ఆ చెంచా పట్టింది మొగుడు కున్‌షెంగ్. వానలకు ముందు ఆ మహానుభావుడు ఇంకొకావిడ ఇంటికి చేరిపోయాడు. సంగతి వీధిలో తెలిస్తే జాలిగా చూస్తారని బీషియాకు చచ్చేంత భయం. అందుకే ఆయన చెప్పులు గుమ్మంలో అలాగే ఉంచింది. ఎదురింటి జిన్జూ దుకాణంలో రోజూ చేప ఉండల సూప్ రెండు గిన్నెలు కొంటుంది. రెండోది మర్నాడు పొద్దున్నే చల్లగా తనే తాగుతుంది, పిచ్చిది!

ఆ రోజు నొప్పికి కళ్ళు తెరవలేకపోయింది. వేడినీళ్ళ గుడ్డ వేసుకుంది, కణతలు నొక్కుకుంది. ఊహూఁ. చివరికి తనే చెంచా పట్టింది. చెయ్యి చెవుల కిందిదాకా పోయింది గానీ వెనక్కి తిరగనంది. పైగా భుజం పట్టేసింది. సాయంత్రం చారలు కనబడేలా జుట్టు పైకి ముడివేసుకుని, గిన్నెలు పట్టుకుని దుకాణానికి వెళ్ళింది.

"ఏమే, మళ్ళీ తలనొప్పా?" అంది జిన్జూ గరిట తిప్పుతూ.

"అవునక్కా. ఆయనే గీశాడు."

"ఏదీ, అటు తిరుగు." జిన్జూ గరిట ఆగిపోయింది. "పక్కలన్నీ పిల్లి గీరినట్టున్నాయి. వెనకాల ఒక్క గీతా లేదేమే!"

బీషియా గబుక్కున మెడ మూసుకుంది. పక్కన మనిషున్న మెడకు చారలు నడిమధ్య తిన్నగా దిగుతాయి. పుట్టినప్పట్నుంచీ చూస్తున్న సంగతే, ఎలా మర్చిపోయింది?

నోటికి హద్దులేని జిన్జూ ఆ పూట గొంతు తగ్గించింది. "లోపలికి రా. ఆ పీట మీద కూర్చో."

నూనె రాసి, చెంచాతో గట్టిగా గీసింది. బీషియా భుజాలు కదిలిపోసాగాయి.

"నొప్పెడుతోందా?"

"లేదు... ఆయన వెళ్ళిపోయాడక్కా."

"తెలుసులేవే."

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ. ఆ చెప్పులు ఏనాడైనా అంగుళం జరిగాయా? వీధంతా చూస్తూనే ఉంది."

"మరి రెండో గిన్నె ఎందుకిచ్చావు?"

"నువ్వడిగావని."

బీషియా కళ్ళు తుడుచుకుని పీట మీంచి లేచింది. వెళ్ళేటప్పుడు జిన్జూ ఒక్క గిన్నే నింపింది. రెండోదాన్ని కడిగి, ఖాళీగానే చేతికిచ్చింది.

గుమ్మంలో చెప్పులు దాటి బీషియా లోపలికొచ్చి దీపం వేసింది. తల దూదిలా తేలిగ్గా ఉంది.

"నొప్పి తగ్గిపోయింది," అంది అలవాటుగా, పడగ్గదివైపు తిరిగి.

గిన్నె ముందు పెట్టుకుని, సూప్ వేడిగా ఉండగానే తాగింది.