చెప్పుల దగ్గర దేవుడు

రోజూ పొద్దున్నే నుయి అనే అమ్మాయి ఊళ్లోని ఒక బుల్లి గుడి ముందు రాలిన దేవదారు ఆకులు ఊడ్చి, మెట్టు మీద రెండు కప్పుల టీ పెట్టేది. ఒకటి తనకి, ఒకటి దేవుడికి. రోకలంత ఎత్తున్న ఆ ముసలి దేవుడు మోకాళ్లు పట్టుకుని మెల్లగా వచ్చి కూర్చుని, ఒక గుక్క తాగి, "వేడి చాల్లేదే అమ్మాయ్" అనేవాడు. టీ పొగలు కక్కుతున్నా అదే మాట. దారిన పోయేవాళ్లు ఇద్దరినీ పలకరించి పొలాలకి వెళ్లేవాళ్లు.

"దేవుడికి హోదా లేదు, దానికి మొగుడు లేడు. సరిపోయారు ఇద్దరూ!" అని ఊరిపెద్ద పెళ్లాం నవ్వేది.

మాట కటువే గానీ అబద్ధం కాదు. గుళ్లన్నిటికీ హోదాలు కట్టబెట్టింది సర్కారు. సర్కారు గుడి, జిల్లా గుడి, ఊరి గుడి. ఈ బుల్లి గుడి ఏ లెక్కలోకీ రాలేదు. ఏటా పదో నెలలో దేవుళ్లంతా ఇజుమో క్షేత్రంలో చేరి, ఎవరికి ఎవరితో పెళ్లో దారంతో ముడివేస్తారు. అక్కడా హోదా ప్రకారమే కూర్చోవాలి. మన ముసలాయన చోటు గుమ్మం బయట, చెప్పుల దగ్గర. ఆయన నుయి పేరెత్తే వేళకి దారాలన్నీ అయిపోయేవి. అలా నుయికి ముప్పై దాటాయి.

ఆ వేసవిలో హుకుం వచ్చింది. హోదా లేని గుళ్లు విప్పేసి, దేవుళ్లని పక్కూరి పెద్ద గుళ్లో కలిపేయాలట. నుయి పరుగున గుడికొచ్చింది.

"తాతా, మా బియ్యం పెట్టెలో దాక్కో. నిన్ను తీసుకెళ్లడానికొచ్చే పల్లకీని ఖాళీగా పంపించేద్దాం. ఊరంతా ఒక్క మాట మీదున్నారు."

ముసలాయన మెట్టుని అరచేత్తో నిమిరాడు. ఆ మెట్టు వదలడమంటే ఆయనకి ప్రాణం మీదికొచ్చినట్టే ఉంది.

"పెద్ద గుళ్లో కలిస్తే ఇజుమోలో ఆ గుడి దేవుడి పక్కనే నా చాప. ముందు వరసే అమ్మాయ్."

"ముందు వరస ఎవడిక్కావాలి? మళ్లీ వస్తావా నువ్వు?"

"దారాలుండగా ఒక్కసారైనా నీ పేరు చెప్పాలి కదే."

నుయి ఏడ్చింది, తిట్టింది, టీ పెట్టనని బెదిరించింది. ఆయన వినలేదు. తొమ్మిదో నెలలో పల్లకీ ఎక్కి వెళ్లిపోయాడు.

పదకొండో నెలలో గుడి విప్పడానికి గెన్‌పచి అనే వడ్రంగి వచ్చాడు. నుయి అలవాటు కొద్దీ రెండు కప్పులు పెట్టి, ఖాళీ చోటు చూసి ఏడుస్తోంది. అతను సంగతి తెలియక అక్కడే కూర్చుని, మోకాలు రుద్దుకుంటూ కప్పు అందుకున్నాడు. ఒక గుక్క తాగాడు.

"వేడి చాల్లేదండీ."

నుయి కళ్లు తుడుచుకుని, మళ్లీ నీళ్లు కాచడానికి లేచింది.

గుడి విప్పడం ఒక్క రోజు పని. గెన్‌పచి చలికాలమంతా విప్పాడు. ఆ మెట్టు మాత్రం విప్పలేదు.