మిగిలిపోయిన యాభై మీటర్లు

పదిమంది చక్రాలకు గాలి కొట్టేవాడికి తన చక్రం చూసుకునే తీరిక ఉండదు. సైకిల్ మెకానిక్ చేసిన తప్పు అంతే. అయినా ఆ తప్పు నలభై ఏళ్ళుగా ఆయన గొంతులో ముల్లులా ఉండిపోయింది.

నగరంలో మొట్టమొదటి మారథాన్ పెట్టినప్పుడు నలభై రెండు కిలోమీటర్ల చిల్లర దారి కొలిచే పని ఆయన నెత్తిన పడింది. "సైకిలుందిగా, చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టెయ్" అన్నారు పెద్దలు, అదేదో గోళీలు లెక్కపెట్టినంత తేలికన్నట్టు. చక్రానికి ఎర్రగుడ్డ పీలిక కట్టుకుని తెల్లవారకముందే బయల్దేరాడు. వంద చుట్లకొకసారి ఎడమ జేబులోంచి ఒక బఠాణీ గింజ తీసి కుడి జేబులో వేసుకున్నాడు. సాయంత్రానికి ఆయన ఆగమన్న చోట సున్నంతో గీత గీశారు.

ఇంటికొచ్చి సైకిలు గోడకు ఆనిస్తూ ముందు టైరు నొక్కి చూస్తే బొటనవేలు లోపలికి దిగింది. సన్నటి మేకు. దారిలో ఎక్కడ గుచ్చుకుందో! గాలి తగ్గిన చక్రం చుట్టుకు నడిచే దూరమూ తగ్గుతుంది. పంక్చరు వేసుకుని రాత్రంతా మళ్ళీ కొలిస్తే దారి మూడు వందల నలభై మీటర్లు పొట్టిదని తేలింది.

తెల్లారితే పరుగు. పంక్చర్లు వేసేవాడి టైరే పంక్చరైందంటే ఊరంతా నవ్వదూ? నోరు కుట్టేసుకున్నాడు. మరుసటి ఏడు దారి మార్చి ఇంజనీర్లు కొలిచారు. పాత దారి గొడవ ఎవరికీ పట్టలేదు.

పట్టింది ఆయన ఒక్కడికే. ఆ పరుగు గెలిచినవాడు ఆయన స్నేహితుడు, ఆ మరుసటేడే అక్కను పెళ్ళాడి బావ అయిన పోస్టుమాన్. రెండు గంటల యాభై తొమ్మిది నిమిషాల ఇరవై సెకన్లు! మూడు గంటల లోపు పరిగెత్తానన్న ఆ కాగితానికి బావ పటం కట్టించాడు. ఇల్లు మారినప్పుడల్లా అన్నిటికంటే ముందు గోడకెక్కేది అదే. సరైన దూరమైతే మూడు గంటలు దాటేదని మెకానిక్‌కు తెలుసు. ఆ ఇంట్లో ఎప్పుడు భోంచేసినా పటానికి వీపు పెట్టి కూర్చునేవాడు.

రేపు నలభై ఏళ్ళ సభ. బావను వేదిక ఎక్కిస్తారు. ఆనాడు దారి ఎలా కొలిచారో మెకానిక్ చెప్పాలి. మైకు ముందు నిలబడి అబద్ధమాడలేడు, బావకు తెలియకుండా నిజమూ చెప్పలేడు. అందుకే ఇవాళ పొద్దున్నే వచ్చి కూర్చున్నాడు.

బావ పాత కాన్వాసు బూట్లు ముందేసుకుని తుడుస్తున్నాడు. అక్క కుట్టుమిషను మీద ఏదో చొక్కా కుడుతోంది.

"నలభై ఒక్కమందిమి రా!" అన్నాడు బావ. "ఈమె పాత దుప్పటి కోసి నంబర్లు కుట్టింది. నాది పదిహేడు. మార్కెట్ దగ్గర అందరూ దొంగ ఎటు పోయాడు, దొంగ ఎటు పోయాడు అని మమ్మల్నే అడగడం!"

"మంగలి కొట్లోంచి సగం గడ్డంతో ఒకాయన కూడా మీతో పరిగెత్తాడు కదండీ" అంది అక్క.

"కిలోమీటరు దాకా వచ్చాడు పాపం."

ముగ్గురూ నవ్వారు. ఇంక ఆగితే చెప్పలేనని మెకానిక్‌కు అర్థమైంది. "బావా, ఆ దారి పొట్టిది. తప్పు నాదే" అని మొదలుపెట్టి, మేకు దగ్గర్నుంచి మీటర్ల దాకా అంతా కక్కేశాడు.

మిషను ఆగిపోయింది. బావ బూటు కింద పెట్టి పటం వైపు చూశాడు. లేచి దాన్ని గోడమీంచి తీశాడు. మెకానిక్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"నలభై ఏళ్ళు ఎలా దాచుకున్నావురా?"

"చెప్పే ధైర్యం చాల్లేదు బావా."

"నాకూ చాల్లేదు" అన్నాడు బావ.

మెకానిక్‌కు అర్థం కాలేదు. అక్క మాత్రం ముసిముసిగా నవ్వింది. "చెప్పేయండి. వాడొక్కడే దొంగా ఏంటి?"

బావ గొంతు సవరించుకున్నాడు. "ఆ రోజు మీ అమ్మకు ఒంట్లో బాలేదని మీ అక్క రోడ్డు మీదికి రాలేదు. నేను మీ సందు మలుపు దగ్గరికి వచ్చేసరికి... కాళ్ళు అటు తిరిగాయి. రోజూ ఉత్తరాలిచ్చే సందు కదా, అలవాటు."

"అలవాటు కాదు, పాడు కాదు" అంది అక్క. "నంబరు ఊడింది, కుట్టమన్నారు. నా కుట్టు ఊడుతుందా? తనే పీక్కున్నారు. నిలబెట్టి నాలుగు కుట్లేసి, దారం కొరికి పంపించాను."

"నా వెనకాల ఇంత నడిచిందా!" అన్నాడు మెకానిక్. అరవై దాటాక ఆయనకు అక్క మీద అలగాలో, బావను కావలించుకోవాలో తెలియలేదు.

"దారి తప్పినవాడు పందెంలో లేనట్టే. అది నిబంధన" అన్నాడు బావ. "అందుకే నేనూ నోరెత్తలేదు."

మెకానిక్ చటుక్కున లేచాడు. "సందులో ఎంత పరిగెత్తావో చూద్దాం పద!"

ముగ్గురూ ఆ సందుకు వెళ్ళారు. పాత ఇంటి చోట ఇప్పుడు జిరాక్స్ షాపు ఉంది, గడప రాయి మాత్రం అదే. ఈసారి మెకానిక్ సైకిలు చక్రానికి పీలిక కట్టి, ముందు టైరు రెండుసార్లు నొక్కి చూసుకున్నాడు. మలుపు నుంచి గడప దాకా అరవై ఆరు చుట్లు. రానూపోనూ రెండు వందల తొంభై మీటర్లు.

"ఇంకా యాభై మీటర్లు తక్కువ" అన్నాడు. "నీ వేగానికి పదమూడు సెకన్లు. అంటే బావా, మూడు గంటల లోపే! కుట్లు వేయించుకున్న సమయం తీయకుండానే!"

బావ కళ్ళు తుడుచుకున్నాడు. "రేపు రెండూ చెప్పేద్దాం రా. నీ మేకూ, నా సందూ. పేరు కొట్టేస్తే కొట్టేసుకోనీ. నా కాళ్ళకు తెలిసింది, చాలు." వంగి లేసులు బిగించుకున్నాడు. "ఆ యాభై మీటర్లు మాత్రం బాకీ ఉంచను. ఎక్కడ ఆగాలో నువ్వు చెప్పు."

గడప దగ్గర్నుంచి బావ అడుగు తీశాడు. పరుగు కాదు, మోకాళ్ళు ఒప్పుకున్నంత నడక. అక్క ఆయన మోచెయ్యి పట్టుకుంది. "ఇప్పుడేం ఊడిందని చెబుతారు?" అంటే ఆయన పకపకా నవ్వాడు. పక్కనే సైకిలు నడిపిస్తూ మెకానిక్ పీలిక తిరగడం లెక్కపెట్టాడు. ఇరవై మూడు చుట్లకు యాభై మీటర్లు నిండాయి.

ఆగమనలేదు. ఒకసారి తక్కువ కొలిచినవాడు, ఈసారి సందు చివరి దాకా కొలుస్తూనే పోయాడు.