పాయింటు మనింటికే

చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తుండగా మా ఆయన ఎవరో విలేఖరితో ఫోనులో అంటున్న మాట చెవిన పడింది. "మా ఆవిడకి కూడా కాస్త చదరంగం వచ్చండీ." కాస్త వచ్చట! ఆయనకంటే రెండేళ్ళ ముందే గ్రాండ్‌మాస్టర్‌నయ్యాను నేను. ఆ సంగతి విలేఖరికి తెలియదు, ఆయన చెప్పలేదు. నేను కాలరు తిప్పి రెండోవైపు ఇస్త్రీ చేశాను.

పాప పుట్టాక ఆట మానేశానంటారందరూ. మానలేదు, ఆయన పేరు మీద ఆడుతున్నాను. ప్రతి రౌండుకీ ముందు అవతలివాడి పాత ఆటలన్నీ తిరగేసి, వాడెక్కడ తడబడతాడో పట్టుకుని, ఏ ఎత్తుకి ఏ ఎత్తు వెయ్యాలో కాగితం మీద రాసిచ్చేది నేనే. కిందటేడు అందరూ మెచ్చుకున్న ఆ పదిహేడో ఎత్తు, జ్వరమొచ్చిన పాపని ఒళ్ళో పడుకోబెట్టుకుని, ఒంటిచేత్తో పావులు కదుపుతూ కనిపెట్టాను. అది మీకెలా దొరికిందని సభలో అడిగితే, స్నానం చేస్తుంటే తట్టిందన్నారాయన. హాలంతా నవ్వింది. వెనక వరసలో ఆయన కోటు పట్టుకుని కూర్చున్న నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఈసారి టోర్నమెంటుకి నా పేరు కూడా పంపాను. పాపను చూసుకోవడానికి అత్తయ్య ఒప్పుకున్నారు గానీ, ఇద్దరూ ఆడితే అక్కడ మావాడికి కావలసినవి ఎవరు చూస్తారని వారం రోజులు అడుగుతూనే ఉన్నారు. ఆయన మాత్రం నీకూ కాస్త మార్పుగా ఉంటుందిలే అన్నారు. ఐదు రౌండ్లయ్యేసరికి ఆయనకి నాలుగు పాయింట్లు, నాకూ నాలుగే. ఆరో రౌండు జాబితా గోడకి అంటించారు. మా ఇద్దరి పేర్లూ ఒకే వరసలో, ఎదురెదురుగా ఉన్నాయి.

గదికొచ్చాక ఆయన మంచం అంచున కూర్చుని, సాక్సు విప్పుకుంటూ మామూలుగా అన్నారు.

"రేపు తొందరగా ముగించేద్దాం. ఇరవయ్యో ఎత్తు దగ్గర ఓ బంటు వదిలెయ్. దేశం జట్టులో చోటు దక్కాలంటే నాకీ పాయింటు కావాలి."

"నాకక్కర్లేదా?"

"నీకెందుకు? అయినా ఎవరు గెలిస్తేనేం, పాయింటు మనింటికేగా వచ్చేది."

"అలాగైతే నేను గెలిచినా మనింటికే వస్తుంది."

జోకనుకుని నవ్వారు. కానీ అత్తయ్యకి చెప్పినట్టున్నారు. పొద్దున్నే ఆవిడ ఫోను. మొగుణ్ణి ఓడించి ఏం బావుకుంటావు, పదిమందిలో వాడి పరువేం కావాలి అని. ఇన్నేళ్ళూ నా పరువు ఏ మూల పడుందో ఎవరైనా వెతికారా? పాప పాలు తాగిందా అని మాత్రం అడిగి ఫోను పెట్టేశాను.

తెల్లపావులు నావి. ఇరవయ్యో ఎత్తు వచ్చింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, నేను వదలబోయే బంటు కోసం ఎదురుచూస్తున్నారు. గుర్రాన్ని తెచ్చి ఆ బంటుకి కాపలా పెట్టాను. చాలా రోజుల తర్వాత ఆయన నా మొహంలోకి సరిగ్గా చూశారు. ఇంకో మూడు ఎత్తులయ్యాక డ్రా చేసుకుందామా అని మెల్లగా అడిగారు. తల అడ్డంగా ఊపాను. అక్కణ్ణుంచి ఆయన కూర్చోలేకపోయారు. లేచి నీళ్ళు తాగొచ్చారు, మళ్ళీ లేచారు. పాపం, ఈ రోజు ఆయనకెవరూ కాగితం రాసివ్వలేదు. ఐదు గంటలు గడిచేసరికి చెరో ఏనుగు మిగిలింది, నాకో బంటు ఎక్కువ. అది ఏడో వరసకి చేరగానే ఆయన గడియారం ఆపి, నా వంక చూడకుండానే చెయ్యి చాచారు.

సాయంత్రం ఏదో ఒకటి అంటారనుకున్నాను. కోప్పడతారని, లేదా బాగా ఆడావంటారని. రెండూ లేవు. భోజనం అయ్యాక లాప్‌టాప్ తెరిచి నా ముందుకి జరిపారు.

"రేపు నాకు నల్లపావులు. అవతలివాడు మొండిఘటం. ఏం ఆడమంటావో చూసి పెట్టు."

లాప్‌టాప్ మూసి ఆయన వైపుకే జరిపాను.

"రేపు నాకూ ఆట ఉంది."