సున్నా పెట్టిన నీళ్లు

"ఈ వారం కూడా చేప ఎదగకపోతే నీ మొగుణ్ణి పోలీసులకి అప్పజెప్తా" అని ఆసామి చెప్పి వెళ్లినప్పటి నుంచి కొలతమ్మకు ముద్ద దిగడం లేదు. ఆయన చేపల చెరువుల్లో నీళ్ల ఉప్పు కొలిచే పని ఆమెది, అందుకే ఆ పేరు. మేత చల్లే పని మొగుడిది. బస్తాలు ఖాళీ అవుతున్నాయి, చేప మాత్రం ఐదు నెలలుగా అరచెయ్యి దాటలేదు. మరి మేత ఏమైనట్టు? పేదవాడు పక్కనుంటే దొంగను వెతకడానికి ఎంతసేపు!

ఆ ఉదయం వాన. కరెంటు పోయి బోరు మోటారు ఆగింది, షెడ్డు కుళాయి ఎండిపోయింది. రోజూ ఆ కుళాయి చుక్కనే ఉప్పు కొలిచే గొట్టం అద్దం మీద వేసి, కంటికి ఆనించి, గీతను సున్నాకు తిప్పేది. మంచినీళ్లంటే సున్నా అని నేర్పారు. తర్వాతే చెరువు నీళ్లు. ఎప్పుడూ నాలుగే. నాలుగంటే చేపకు ఫర్వాలేదు.

ఇవాళ చూరు నుంచి కారే వానచుక్కతో సున్నా పెట్టింది. చెరువు నీళ్లు వేస్తే ఏడు!

గొట్టం చెడిందనుకుంది. తుడిచి మళ్లీ వేసింది. ఏడే. గదిలోకి పరిగెత్తి, నిన్న కుళాయి దగ్గర పట్టిన తాగే బిందెలోంచి చుక్క తీసి వేసింది. మూడు.

ఇన్నాళ్లూ మూడును పట్టుకుని సున్నా అనుకుంది! ఏడులో చేప తిన్నది కండకు రాదు, ఒంట్లోకి జొరబడే ఉప్పును నెట్టడానికే ఖర్చయిపోతుంది. మేత దొంగ ఉప్పు. దానికి తలుపు తీసింది తనే.

ఆసామి బండి గట్టు మీద ఆగింది. మొగుడు వట్టికాళ్లతో బురదలో దిగి వల లాగాడు. అరచేతి చేపలు ఎగిరాయి.

"ఏరా, బస్తాలు ఎవడికి అమ్ముతున్నావ్?"

"మీమీద ఒట్టు అయ్యగారూ..."

"ఆ ఒట్లేవో చేపలకి పెట్టు, అవన్నా బలుస్తాయ్." ఆసామి ఫోన్ తీశాడు.

చెప్తే తన పని పోతుంది. చెప్పకపోతే మొగుడే పోతాడు. కొలతమ్మ ముందుకొచ్చింది.

"తప్పు నాదండీ. కుళాయి నీళ్లే ఉప్పెక్కాయి. వాటితోనే సున్నా పెట్టాను."

"మొగుడి కోసం కథలు బానే అల్లుతున్నావే!"

ఆమె బిందెలోంచి గ్లాసు ముంచి తెచ్చింది. "ఒక్క గుక్క తాగండి."

డబ్బా నీళ్లు తాగే మనిషి. నోట్లో పోసుకున్నాడో లేదో, థూ అని గట్టు మీద ఉమ్మేశాడు.

"మీరు ఉమ్మేశారు. చేప ఎక్కడ ఉమ్ముతుంది అయ్యగారూ?"

ఆసామి మూతి తుడుచుకున్నాడు. ఫోన్ జేబులో పడింది. "రేపట్నుంచి కొలత వేరేవాడు చూస్తాడు" అని బండెక్కాడు.

"బతికించావే!" మొగుడు గ్లాసు లాక్కుని మిగిలిన నీళ్లు గటగటా తాగేశాడు. మొహం చిట్లించలేదు కూడా.

"ఉప్పగా లేవూ?"

"ఎప్పుడూ తాగేవేగా!"

కొలతమ్మ చూపు అతని కాళ్ల మీద పడింది. ఉబ్బి చెప్పులు పట్టడం లేదని వారం నుంచీ అంటున్నాడు. బురదలో నానడం వల్లేనని ఇన్నాళ్లూ తనే సర్దిచెప్పింది.