ఎర్రకొంగు బియ్యం

2012 జూన్ 9న ఎదురుగా కూర్చుని తపాలచెక్క తింటున్న నా భార్య శోభను, తలమీది ఎర్రకొంగుతో సహా కాగితంపై గీశాను. మిర్యాలగూడ మిల్లు యజమాని రాజమౌళి ఆ బొమ్మనే బియ్యం సంచులపై వేయించాడు. కోదాడ దాకా అందరూ "ఎర్రకొంగు బియ్యం" అని అడిగేవారు. శోభ పోయాక కూడా ప్రతి కొట్టులో కనిపించేది.

నిరుడు మిల్లు కొన్న యోగేష్ ఈ సాయంత్రం కొత్త సంచి చూపించాడు. దానిమీద ఎర్రటి కొంగ ఉంది.

"కొంగ గాదు బాబూ, కొంగు. పాత బొమ్మనే ఉంచరాదా?"

"జనం కొంగ బియ్యమనే అడుగుతుండ్రు సార్. సంచులన్నీ అచ్చయినయ్. ఇగ మార్చుడు అయితదా?"

అతను కాళ్లకింద పరిచిన పాత సంచి తీసి, దుమ్ము దులిపి, మడిచి నా చేతికిచ్చాడు. నేను గడప దాటాక, ఈ రాత్రికి మిల్లు తలుపు చప్పుడు కాకుండా మూశాడు.