తలుపుకు లోపలివైపు

"దువ్వెన లోపలుందే, తలుపు తియ్యి!"

"ఇంట్లో ఇంకోటి లేదా?"

"ఉంది, పళ్ళూడిపోయి. దాంతో నా జడ తెమలదు."

"అయితే జడ వేసుకోకు."

సులోచన తలుపుకు ఆవల, ఆమె కూతురు ప్రణవి ఈవల, మధ్యలో నేను. నేను ఒక ఇత్తడి గడియను. చివరికి తలుపు బెత్తెడు తెరుచుకుని దువ్వెన బయటికి వెళ్ళింది. ప్రణవి నన్ను మళ్ళీ వేసింది. ఆ పూట గెలుపు నాదేననుకున్నాను.

నన్ను పోతపోసి, నున్నగా సానబట్టి, కాకినాడలో ఒక ఇనుప సామాన్ల కొట్టుకు పంపారు. ప్రణవి తండ్రి కోటేశ్వరరావు రెండు కొట్లు తిరిగి, బేరమాడి కొన్నాడు. మొదట సామాన్ల గదికి బిగించాడు. చాలాకాలం ఊరగాయ జాడీలకు కాపలా కాశాను. పిల్ల పెద్దమనిషి అయిన ఏడాది సులోచనే పట్టుబట్టింది. "ఎదిగిన పిల్ల గదికి గడియ లేకపోతే ఎలాగండీ?" జాడీల దగ్గర్నుంచి మనిషి దగ్గరికి వచ్చానని పొంగిపోయాను.

పదో తరగతికి వచ్చేసరికి ప్రణవిలో మాట తగ్గింది, తిండి తగ్గింది. ఎండాకాలంలోనూ పొడుగుచేతుల చొక్కాలే. అందరూ చదువు బెంగ అనుకున్నారు. ఆ గదిలో జరిగినదంతా చెప్పను. నన్ను వేసుకుని తన చేతిని తానే గాయపరచుకునేది, అంతవరకు చాలు. బయటినుంచి ఎవరూ రాకుండా కాపలా కాశానే గాని, రావలసిన వాళ్ళను కూడా ఆపుతున్నానని నాకు తోచలేదు.

ఒక్క మనిషికి మాత్రం ఆ పిల్ల చెప్పుకుంది. సులోచన చెల్లెలు వసుధ. మెత్తగా మాట్లాడుతుంది, వచ్చినప్పుడల్లా కోవా తెస్తుంది.

"చచ్చిపోవాలని కాదు పిన్నీ. లోపలంతా మొద్దుబారిపోతుంది, ఏడుపు కూడా రాదు. తర్వాత నామీద నాకే అసహ్యమేస్తుంది."

"పిచ్చితల్లీ! ఎవరికీ చెప్పనులే, ఒట్టు."

చెప్పడం తప్పు కాదు. "పద, అమ్మకి ఇద్దరం కలిసి చెబుదాం" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఉంటే బాగుండేది. ఆవిడ ఒక సీమంతంలో, తాంబూలాల మధ్య చెప్పింది. సులోచనకు ఆ సంగతి ఆడబిడ్డ ఫోను చేస్తే తెలిసింది. "వదినా, మీ అమ్మాయి చేతికేదో చేసుకుంటోందటగా?"

ఇక ఇంట్లో గోల. "నీకేం తక్కువ చేశామే?" అని తల్లి. "అసలు ఈ గడియే అన్నిటికీ మూలం" అని తండ్రి. జబ్బు నాలోనే ఉన్నట్టు మరలు విప్పి, నన్ను భోజనాల గదిలో మూతలేని స్పూన్ల డబ్బాలో పడేశాడు.

అక్కడినుంచి ఆ తలుపు నాకు కనిపిస్తూనే ఉండేది. సులోచన మాటిమాటికీ తోసుకుని లోపలికి వెళ్ళేది. చొక్కా చెయ్యి పైకి లాగి చూసి వచ్చేసేది. చేతిని చూసేదే గాని, మొహం చూసేది కాదు.

ఒక మధ్యాహ్నం తోస్తే తలుపు కదల్లేదు. గడియ లేదుగా అని గట్టిగా తోయబోయి ఆగిపోయింది. అవతల తలుపుకు వీపు ఆనించి కూతురు కూర్చుందని అప్పుడు అర్థమైంది. తోయడం మాని తనూ ఇవతల నేలమీద చతికిలబడింది.

చాలాసేపటికి లోపల్నుంచి గొంతు వినిపించింది. "ఇంకా ఉన్నావా?"

"ఉన్నా. చెప్తే వింటాను. చెప్పకపోయినా కూర్చుంటాను."

"పిన్ని ఒట్టేసిందమ్మా."

ఆ ఒక్క మాటతో ఏడుపు వచ్చింది, ఇద్దరికీ.

ఆ రాత్రి బీరకాయ పప్పు వడ్డిస్తూ సులోచన అంది. "రేపు దీన్ని మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్తున్నాను."

"నలుగురికీ తెలిస్తే ఏం బాగుంటుందే?"

"నలుగురికీ మా చెల్లెలు చెప్పేసిందిగా. ఇక తెలుసుకోవలసింది మనమే."

కోటేశ్వరరావు ముద్ద కలుపుతున్నవాడల్లా తలెత్తాడు. నా డబ్బా వైపు చూసి, "పోనీ, ఆ గడియ మళ్ళీ బిగించనా తల్లీ?" అన్నాడు.

నాకు మళ్ళీ ఆశ పుట్టింది.

ప్రణవి కంచంలోంచి తలెత్తింది. "వద్దు నాన్నా. డాక్టరు దగ్గరికి వస్తాను. పిన్ని వస్తే మాత్రం నన్ను పిలవకండి. మీరు నా గదిలోకి వచ్చేముందు తలుపు కొట్టండి. నేను రమ్మన్నాక రండి."