కృపావతి గొంతు

కృపావతి గొంతును ఆనందకుమార్ పట్టుకుపోయాడు. అడిగే పట్టుకుపోయాడు. అయినా అది దొంగతనమే.

గాజువాక కల్యాణమండపంలో వేదిక మీద బాసింపట్టు వేసుక్కూర్చుని సుందర్ రాజ్ ఫ్లాపీలు తుడుస్తున్నాడు. పొట్టి మనిషి, లావు మెడ. స్పీకరు పెట్టెలు మోసి మోసి ఒక భుజం కిందికి దిగింది. ఆనందకుమార్ ఆర్కెస్ట్రాలో ఎత్తడం, దించడం, వైర్లు కలపడం అతని పని. సింగపూరు నుంచి ఓడ మీద శాంప్లర్ కీబోర్డు దిగాక, పాటకూ పాటకూ మధ్య ఫ్లాపీ మార్చడం కూడా అతని నెత్తినే పడింది. ఏ శబ్దాన్నయినా పట్టుకుని, నొక్కిన మెట్టుకల్లా పలికే యంత్రం అది. కరెంటు పోతే మాత్రం అన్నీ మరిచిపోతుంది. మళ్లీ ఫ్లాపీ మింగిస్తేగానీ నోరు విప్పదు.

సుందర్ రాజ్ భార్య కృపావతి అదే ఆర్కెస్ట్రాలో వెనక వరసలో కోరస్ పాడేది. కిందటేడు ఒక మధ్యాహ్నం ఆనందకుమార్ తన గదికి పిలిచి, ఆమె చేత "ఆ" అని రకరకాల స్వరాల్లో పాడించుకున్నాడు. టీ, బిస్కెట్లు ఇచ్చాడు. తర్వాత ఏ పెళ్లికీ పిలవలేదు. ఆమె గొంతున్న ఫ్లాపీని ప్రతి పెళ్లిలోనూ యంత్రంలో పెడుతున్నది మొగుడే.

ఆమెను మళ్లీ పాటకు పిలవమని ఈరోజు ఆనందకుమార్‌ను అడిగి తీరాలనుకున్నాడు.

"అడక్కు మావా, సిన్నతనం," అంది ఆమె పొద్దున చేపలు తోముతూ. "ఇంటికాడ కూకునే పెళ్లిళ్లన్నీ పాడీత్తన్నాను. ఇంత సుకం ఎవులికుంది?"

అంటూనే వెనక వరసలో కట్టుకునే తెల్లచీరకు గంజి పెట్టి తీగ మీద ఆరేసింది.

మూడో పాట మధ్యలో కరెంటు పోయింది. జనరేటరు వేశారు. సుందర్ రాజ్ ఫ్లాపీ పెట్టాడు. యంత్రం గరగరలాడి ఊరుకుంది.

"ఏటి మాస్టారూ, పాట నిద్దరోయినాదా?" అన్నాడు పెళ్లికూతురి మేనమామ. అందరూ నవ్వారు.

"మా యావిడ్ని తెత్తాను," అన్నాడు సుందర్ రాజ్ ఆనందకుమార్ చెవిలో. "ఇల్లు ఎనకీదే కదా. అయిదు నిమసాల్లో వచ్చీసి పాడీసుద్ది."

"ఎందుకు బావా? తీసి మళ్లీ ఎట్టు. ఆ గొంతే వత్తాది."

తీసి మళ్లీ పెట్టాడు. వచ్చింది. నలుగురాడవాళ్లు కలిసి పాడినట్టు హాలంతా నిండింది. ఊపిరి తీసుకోవలసిన చోట మాత్రం తీసుకోలేదు.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి కృపావతి పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతోంది.

"మైకు గొట్టం ఇటేపు తిప్పినారు మావా. అది పైగొంతు పాడతంటే, నాను కిందగొంతు ఎత్తుకున్నాను. నాతో నానే పాడీసినాను! పక్కింటి ఆరోగ్యమ్మత్త ఇద్దరు ఆడోళ్లెవులా అని గుమ్మంలోకొచ్చీసింది."

పళ్లెంలో అన్నం, చేపల పులుసు పెట్టింది.

"అడిగినావేటి?"

"అడిగినాను. అక్కర్లేదన్నాడు."

ఆమె ఇంకో ముక్క వేసింది. "పోన్లే. ఆడికక్కర్నేకపోతే నీకు పాడతాను."

గిన్నెలు కడుగుతూ పాడింది. సుందర్ రాజ్ గడప మీద కూర్చుని, మారు వడ్డించుకుని తిన్నాడు. ఆ పూట వాళ్లకు ఏ లోటూ లేదు.

వానల్లో ఆమెకు జ్వరం వచ్చింది. ఒక వేకువన అతను కాఫీ నీళ్లు పొయ్యి మీద పెట్టి వచ్చేసరికి కృపావతి లేదు.

సమాధి దగ్గర ఆనందకుమార్ ఎర్రబడిన కళ్లతో ఫ్లాపీని అతని చేతిలో పెట్టాడు. "నీ కాడే ఉండాల బావా ఇది."

"కాపీ తీసీసుకున్నావా?"

ఆనందకుమార్ తల దించుకున్నాడు.

సుందర్ రాజ్ మళ్లీ ఆర్కెస్ట్రా గడప తొక్కలేదు. ఉక్కునగరంలో కొత్త క్వార్టర్లకు నీళ్ల పైపులు బిగించే పనికి కుదిరాడు. ఎవరైనా ఆనందకుమార్ పేరెత్తితే లేచి వెళ్లిపోతాడు. ఆ గొంతు సంగతి మనుషులతో మాట్లాడలేదు, ప్రార్థనలో దేవుడితోనూ మాట్లాడలేదు. ఇక మాట్లాడడు.

కిటికీ గూట్లో నల్లటి చదరపు ఫ్లాపీ ఉంది. ఉప్పుగాలికి దాని రేకుమూత తుప్పు పడుతోంది. అంటించిన కాగితం మీద ఆనందకుమార్ గుండ్రటి చేతిరాత: లేడీస్ కోరస్.